నిందింపక నిందించిన మహాకవి ఛాసరు

ఎదుటివాని తప్పును చూచుట సులభము. చూచినదానిని చెప్పుట కష్టము. కఠినముగ చెప్పినచో విన్నవాడు చెవి మూసికొనును. మెత్తగ చెప్పినచో తప్పు తప్పుగనే నిలిచిపోవును. ఈ రెంటికి నడుమ నొక త్రోవను వెదకి, దానిని తన దేశభాషలో రాజమార్గముగ నొనర్చిన కవి జాఫ్రీ ఛాసరు. ఆంగ్లకవితకు జనకుడని 1700లో డ్రైడన్ మహాకవి ఆతనిని కొనియాడెను. ఆ బిరుదము నేటికిని ఆతనికే చెల్లుచున్నది.

ఛాసరు 1340వ సంవత్సర ప్రాంతమున లండను నగరమున జన్మించెను. తండ్రి జాన్ ఛాసరు ద్రాక్షసారాయపు వర్తకుడు. వారి నివాసము థేమ్సు నదీతీరమున, ఫ్రాన్సునుండి వచ్చు ఓడలు సారాయపు పీపాలను దింపు రేవునకు చేరువ నుండెను. పనివాండ్రు మాటలాడునది ఇంగ్లీషు. రాజోద్యోగులు వ్యవహరించునది ఫ్రెంచి. చర్చిలో వినబడునది లాటిను. బాలుడు ఈ మూడు భాషల నడుమ పెరిగెను.

ఆ భాషాస్థితికి కారణము మూడు శతాబ్దుల నాటిది. 1066లో నార్మండీ ప్రభువైన విలియము ఇంగ్లండును జయించిన పిమ్మట ఏలినవారి భాష ఫ్రెంచి అయ్యెను. న్యాయస్థానములలో వాదములు ఇంగ్లీషున జరుగవలెనను శాసనము 1362లో గాని పుట్టలేదు. ఈ చరిత్ర యంతయు ఆ భాషలోని నిందావాచకములలో పొరలు పొరలుగ కనిపించును. నిందకు పూర్వపు ఇంగ్లీషు మాట వీటె. ప్రాచీన ధర్మశాసనములలో ఆ మాటకు రాజునకు చెల్లింపవలసిన అపరాధపు సొమ్మని కూడ అర్థము. అపరాధమునకు గిల్ట్ అనియు, తిట్టుటకు చైడ్ అనియు దేశీయపదము లుండెను. గట్టిగ మందలించుటకు వాడు స్నిబ్బె అను మాట, ఉత్తరమునుండి వచ్చి స్థిరపడిన స్కాండినేవియా జాతులది. నేటి స్నబ్ అను మాట దానికి జ్ఞాతి. బ్లేమ్, రిప్రూవ్, రెబ్యూక్, ఫాల్ట్ అనునవి ఫ్రెంచి ప్రభువుల వెంట వచ్చినవి. వానిలో బ్లేమ్ అను మాటకు మూలము దైవదూషణమును తెలుపు గ్రీకు పదమే. తెలుగున తప్పు అను దేశ్యమును, దోషము అను సంస్కృతపదమును, కచేరీ కాగితముల కెక్కిన తక్సీరు అను అన్యదేశ్యమును కలిసి యున్నట్లే, అచ్చటను ఏలినవారి మాటయు ఏలబడినవారి మాటయు ప్రక్కప్రక్కన నిలిచినవి. వీనిని తూచి వాడుట నేర్చినవాడు ఛాసరు.

1357లో ఆతడు అల్‌స్టరు ప్రభ్వియైన ఎలిజబెత్తు కొలువున చేరెను. ఆ బాలునకు కొనియిచ్చిన దుస్తుల ఖర్చు ఆమె యింటి లెక్కలలో నేటికిని కలదు. 1359లో మూడవ ఎడ్వర్డు రాజు సేనతో ఫ్రాన్సునకు పోయి శత్రువులకు చిక్కెను. మరుసటి యేట ఆతని విడుదలకై రాజు 16 పౌండ్లు ఇచ్చెను. పిదప రాణి పరిచారికయగు ఫిలిప్పాతో వివాహమయ్యెను. 1372లో రాజకార్యముపై ఇటలీకి బయలుదేరి జెనోవా, ఫ్లారెన్సు నగరములను చూచెను. డాంటే, పెట్రార్కు, బొకాచియోల ఛాయ అటుపిమ్మటి కావ్యములలో స్పష్టముగ కనబడును.

1374లో రాజు ఛాసరును లండను రేవున ఉన్ని, తోళ్ల సుంకములపై తనిఖీ అధికారిగ నియమించెను. సుంకము వసూలు చేయువారు నగరమున మిక్కిలి ధనవంతులైన వర్తకులు, రాజునకే అప్పులిచ్చువారు. వారి లెక్కలకు సరిచూపుగ మరియొక లెక్కను స్వహస్తముతో వ్రాయుట ఛాసరు విధి. తనకంటె బలవంతులైనవారి తప్పులను పట్టుటయే ఆతని జీవనోపాధి యయ్యెను. 1376లో సుంకము చెల్లింపక ఉన్నిని విదేశమునకు పంపిన యొక వర్తకుని జరిమానా సొమ్ము, 71 పౌండ్లకు పైగా, రాజు ఆతనికే బహూకరించెను. పగలెల్ల లెక్కలతో గడపి, ఆల్డ్‌గేటు అను కోటద్వారముపై నున్న తన నివాసమునకు మరలి పుస్తకముల ముందు కూర్చుండుట తన వాడుకయని ఆతడే యొక కావ్యమున పరిహాసముగ చెప్పికొనెను.

పరుల తప్పులను లెక్కించు నీ అధికారికి అపనింద తప్పలేదు. 1380లో సిసిలీ షాంపేన్ అను స్త్రీ, ఛాసరుపై తనకు గల వ్యాజ్యపు హక్కులను వదలుకొన్నట్లు రాజాస్థాన పత్రములలో నమోదయ్యెను. అందలి యొక లాటిను పదమునకు అపహరణమనియు, మానభంగమనియు అర్థము లుండుటచే, 1873లో ఆ పత్రము వెలుగు చూచినది మొదలు కవి శీలముపై గాఢమైన సందేహము నిలిచెను. 2022లో బ్రిటిషు ప్రభుత్వ పత్రాగారమునుండి మరికొన్ని పత్రములు వెలువడినవి. గడువు తీరకమునుపే తన కొలువు విడిచిపోయినదని సిసిలీపైని, ఆమెను పనిలో చేర్చుకొన్నాడని ఛాసరుపైని, ఆమె పూర్వపు యజమాని కార్మికశాసనము క్రింద వ్యాజ్యము తెచ్చినట్లు వానివలన తెలియుచున్నది. ఆ వ్యాజ్యమున ఇరువురును ప్రతివాదులే. పెక్కుమంది పండితులు దీనితో తమ పూర్వాభిప్రాయమును మార్చుకొనిరి. ఒక్క మాటకు గల రెండర్థముల నడుమ ఒక మనుష్యుని పేరు దాదాపు 150 ఏండ్లు వ్రేలాడెను.

ఛాసరు జీవించినది పరస్పరనిందల యుగము. 1381లో పల్లెప్రజలు పన్నులపై తిరుగబడి లండనులో ప్రవేశించిరి. వారిలో కొందరు ఆతడు నివసించు ఆల్డ్‌గేటు గుండనే లోనికి వచ్చిరి. మతాధిపతుల దోషములను జాన్ విక్లిఫు బహిరంగముగ ఖండించుచుండెను. లాంగ్లండు కవి లోకమునందలి అవినీతిని ఇంగ్లీషున తీవ్రముగ అధిక్షేపించెను. ఛాసరునకు మిత్రుడైన గోవరు కవి రైతు మొదలు రాజు వరకు సకలవర్గములను లాటిను పద్యములలో మందలించెను. వీరందరు ధర్మపీఠముపై నిలిచి పలికినవారు. ఛాసరు ఆ పీఠము నెక్కుటకు ఇష్టపడలేదు.

1380 దశకము నడుమ ఆతడు ట్రాయిలసు, క్రిసైడుల కథను కావ్యముగ రచించెను. ప్రియునకిచ్చిన మాట తప్పిన క్రిసైడు, అప్పటికి తరతరములుగ నిందింపబడుచున్న స్త్రీ. తన పేరు లోకుల నాలుకలపై నలుగుననియు, తోడి స్త్రీలే తన్ను మిక్కిలి దూషింతురనియు ఆమెచే కవి విలపింపజేసెను. ఆమె తప్పును దాచలేదు; కాని అంతకుమించి యొక్క మాటయు కలుపలేదు. చేతనైనచో జాలిచే ఆమెను మన్నింతునన్నట్లు సూచించి ఊరకుండెను. తప్పు చేసినవారిని గూర్చి చెప్పునపుడు ఎచట ఆగవలెనో ఆతడు ఎరుగును.

అయినను ఆ కావ్యమువలన స్త్రీలకు అపకీర్తి కలిగెనన్న ఆక్షేపణను కల్పించి, దాని నాధారముగ గొని ఆతడు మరియొక కావ్యము వ్రాసెను. అందు కవి కలలో ప్రేమదేవత ఎదుట ముద్దాయిగ నిలుచును. దేవత కోపముతో నేరము మోపును. ఆల్సెస్టి అను రాణి కవిపక్షమున వాదించును. తెలియక చేసియుండవచ్చుననియు, ఇతరుల ఆజ్ఞచే వ్రాసియుండవచ్చుననియు, పాలకుడు నిందితుని మాటను విన్న పిమ్మటనే తీర్పు చెప్పవలెననియు ఆమె వాదము. తుదకు కవికి విధింపబడిన శిక్ష సాధ్వీమణుల కథలను వ్రాయుట. శిక్షను విధించుటకు ముందు ఉద్దేశమును విచారింపవలెనను ధర్మము ఇట్లు వినోదమున మరుగుపడి పలుకబడినది.

1386లో ఆతడు కెంటు మండలమునుండి పార్లమెంటు సభ్యుడై, ఆ యేటనే సుంకపుటుద్యోగమును విడిచెను. ఈ కాలముననే కాంటర్బరీ కథలు రూపుదిద్దుకొనినవి. యాత్రకు పోవు 30 మందికి దగ్గరగ గల జనుల వర్ణన ఆ గ్రంథమునకు ప్రస్తావన. మన ఆలంకారికులు వ్యాజస్తుతియని చెప్పునది అచ్చట నిండుగ కలదు. మఠమును విడిచి వేటకు తిరుగు సన్యాసి తన నడతను సమర్థించుకొనగా, కథకుడు అది సబబే యని తల యూచును. వైద్యుని పాండిత్యమును పొగడి పొగడి, ఆతనికి బంగారముపై గల ప్రీతిని చివర మెల్లగ జారవిడుచును. ఒక్కరినిగూడ దోషియని పిలువడు. తీర్పు చదువరి నోటనుండియే వెడలును. ఆ సమూహమున నిజముగ గద్దించువాడు పేద గ్రామగురువు ఒక్కడే. పాపులను దయతో చూచును. మొండివాడు గొప్పవాడైనను కొద్దివాడైనను వెనుదీయక మందలించును. ఆ మందలింపునకు కవి యెన్నుకొన్నది మోటయైన స్నిబ్బె అను మాట. గద్దించుటకు అర్హత తన యాచరణచే సంపాదించుకొన్నవానికి ఆతడు ఆ సూటి మాటను అప్పగించెను.

మిల్లరు కథకు ముందు మరియొక విశేషము కలదు. త్రాగియున్న పిండిమర వాడు, తాను తప్పు పలికినచో సదర్కు సారాయమును నిందింపుడని వేడుకొనును. అచట వచ్చునది పూర్వపు దేశీయపదమైన వీటె. కొన్ని పంక్తులకు పిమ్మట కవి తానే ముందుకు వచ్చి, మోటుకథ నచ్చనివారు పుట త్రిప్పి వేరొక కథను ఎన్నుకొనవచ్చుననియు, దోషము తనపై వేయరాదనియు ప్రార్థించును. అచట వచ్చునది బ్లేమ్. ఇద్దరును నిందను తమపై పడనీయక తప్పించుకొనువారే. ఒకడు పానీయముపై నెట్టెను. రెండవవాడు చదువరి యెన్నికపై నెట్టెను. ఆ పోలికను చూచి నవ్వని పాఠకుడుండడు.

నిందను వ్రాయువా డెవడను ప్రశ్నను బాత్ నగరపు గృహిణి నోట ఛాసరు పలికించెను. ఆమె యైదవ భర్త దుష్టస్త్రీల కథల సంపుటమును ప్రతి రాత్రియు చదివి వినిపించును. ఆమె ఓర్వలేక పుటలను చింపును; ఆతడు కొట్టగా ఆమె చెవి చెడును. సింహము చిత్రకారుడైనచో వేటచిత్రము వేరుగ నుండునను భావము ఆమె వాదమునకు ప్రాణము. స్త్రీలే గ్రంథములు వ్రాసియున్నచో పురుషుల దోషములు ఎన్ని వెలువడునో యని ఆమె అడుగును. శతాబ్దులు గడచినను ఆ ప్రశ్న పాతబడలేదు.

చిన్నవారి తప్పుల యెడ ఆతని తీరు రెండు విధములు. తన గ్రంథములకు ప్రతులు వ్రాయు ఆడము అను లేఖకుని అజాగ్రత్తకును తొందరకును విసిగి, ఏడు పాదముల చిన్న పద్యమున, తలకు గజ్జి పుట్టుగాక యని శపించెను. గీకి దిద్దుకొను బాధ తనకు గలిగినట్లే వానికిని గీకికొను బాధ కలుగవలెనని ఆ శాపములోని చమత్కారము. కాని 1391 ప్రాంతమున పదేండ్ల లూయిసు కొరకు నక్షత్రములను కొలుచు ఆస్ట్రొలేబు యంత్రమును గూర్చి వ్రాసినపుడు ఆతని స్వరమే మారెను. లాటిను ఎరుగని బాలుని తప్పు పట్టక, తానే సులభమైన ఇంగ్లీషునకు దిగివచ్చెను. చెప్పినదే మరల చెప్పినందుకు పెద్దలను క్షమాపణ కోరెను. ఒక మంచి మాటను బాలుడు మరచుటకంటె రెండుమార్లు వినుట మేలని తలచెను. బోధకులకు ఇంతకంటె మంచి పాఠము అరుదు.

కడపటి దశ సుఖముగ సాగలేదు. 1389లో రాజభవన నిర్మాణములపై అధికారి యయ్యెను. 1390లో రాజధనముతో ప్రయాణించుచు దొంగలచే దోచుకొనబడెను. 1391లో ఆ పదవి పోయెను. 1399లో నాలుగవ హెన్రీ సింహాసన మెక్కగా, ఖాళీయైన తన డబ్బుసంచిని ప్రియురాలిగ భావించి, నిష్ఠురములాడుచు పద్యము వ్రాసి రాజునకు పంపెను. తన లేమిని చెప్పుటలో సైతము రాజును నిష్ఠురమాడక సంచిని నిష్ఠురమాడెను.

కాంటర్బరీ కథల కడపటి భాగము గ్రామగురువు ఉపదేశము. అందు క్రోధమునుండి పుట్టు పాపములలో తిట్టును ఎత్తిపొడుపును చేర్చి, అవి స్నేహబంధమును ఎట్లు సడలించునో వివరింపబడినది. ఆ వెంటనే కవి తన వీడుకోలును పలికెను. తన గ్రంథములలో నచ్చినది యున్నచో దైవమునకు కృతజ్ఞత తెలుపవలెననియు, నచ్చనిది యున్నచో తన తెలియమి యను లోపమునకు దానిని అంటగట్టవలెను గాని తన సంకల్పమునకు కాదనియు కోరెను. అందు వాడిన డిఫాట్ అను మాటయే కాలక్రమమున నేటి డిఫాల్ట్ అను మాట యైనది. నాడు దానికి కొరత యనియు, తప్పు అనియు రెండర్థము లుండెను. తెలుగున లోపము అను మాటయు అట్టిదే. జీవితమంతయు పరుల తప్పులకు పేరు పెట్టక మెలగిన కవి, తన తప్పునకు మాత్రము తానే పేరు పెట్టెను.

ఛాసరు 1400 అక్టోబరు 25న మరణించెనని ప్రతీతి. వెస్ట్‌మినిస్టరు మఠపు ఆవరణలో అద్దెయింటి వాడగుటచే ఆతనిని అచటనే ఖననము చేసిరి. 1556లో క్రొత్త సమాధి నిర్మింపబడెను. దాని చుట్టును తరువాతి కవులకు స్మారకములు వెలసి, ఆ స్థలము కవుల మూల యని పేరొందెను. వీటె అను మాట ఇంగ్లండు సామాన్యవ్యవహారమునుండి తొలగి, స్కాట్లండు పలుకుబడిలో మిగిలెను. బ్లేమ్ లోకమంతటను వ్యాపించెను. నిందించు మాటలు మారినను, నిందించుటకు ముందు ఎదుటివాని మాట వినవలెనని ఆతడు చూపిన మర్యాద మారలేదు. తరగతిలో బాలుని తప్పును దిద్దు ఉపాధ్యాయునకును, ఎఱ్ఱసిరా గీతను చూచి చిన్నబోవు విద్యార్థికిని ఆ మర్యాద నేటికిని అవసరమే.