నొప్పి లేని పుండే డేంజర్.. షుగర్ పేషెంట్ల కాళ్లకు దారి చూపిన రాయవేలూరు డాక్టర్ పాల్ బ్రాండ్ కథ ఇదీ!

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల.. ఈ ఊళ్లలో పెద్ద జబ్బు అనగానే పాతతరం వాళ్లకు గుర్తొచ్చేది రాయవేలూరు. తిరుపతి, చిత్తూరు మీదుగా అక్కడి సీఎంసీ ఆస్పత్రికి వెళ్లే మనోళ్లు ఇప్పటికీ ఉన్నారు. షుగర్ వల్ల కాలికి పుండు పడితే డాక్టర్లు నేడు పాటించే కొన్ని పద్ధతుల వెనకున్న ఆలోచన ఆ ఆస్పత్రిలోనే గట్టిపడింది. దాని వెనకున్న సర్జన్ పాల్ బ్రాండ్. విచిత్రం ఏంటంటే, ఆయన అక్కడ పనిచేసింది షుగర్ పేషెంట్ల మీద కాదు, కుష్ఠు రోగుల మీద.

బ్రాండ్ 1914 జులై 17న తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టారు. తల్లిదండ్రులు బ్రిటిష్ మిషనరీలు. చదువు కోసం చిన్నప్పుడే ఇంగ్లండ్ పంపారు. ఇక్కడే ఉండిపోయిన తండ్రి 1929లో జ్వరంతో చనిపోయారు. లండన్‌లో సర్జన్ అయిన కొడుకు 1946లో రాయవేలూరు వచ్చేశారు.

కుష్ఠు వస్తే వేళ్లు, పాదాలు వాటంతటవే కుళ్లి ఊడిపోతాయని అప్పట్లో నమ్మేవాళ్లు. డాక్టర్లలోనూ ఆ మాటే. బ్రాండ్ రోగులను దగ్గర పెట్టుకుని చూస్తే తేలింది వేరు. కండ బాగానే ఉంది, చచ్చింది నరం. స్పర్శ లేదు కాబట్టి కాలినా, కోసుకున్నా తెలియదు. రాత్రి నిద్రలో ఎలుకలు వేళ్లు కొరికినా మెలకువ రాదు! అందుకే రోగులకు పిల్లులను ఇచ్చారు. కామెడీగా అనిపించొచ్చు కానీ అది నిజంగా చేసిన వైద్యమే.

పాదం సంగతీ అంతే. మామూలు మనిషికి అరికాలు నొప్పెడితే కుంటుతాడు, బరువు పక్కకు వేస్తాడు. స్పర్శ లేనివాడు పుండు మీదే తొక్కుతూ పోతాడు. ఎంత కట్టు కట్టినా అదెలా మానుతుంది? అందుకని బ్రాండ్ పాదానికి అతుక్కుని ఉండేలా ప్లాస్టర్ వేసి, బరువు అరికాలంతా సమంగా పడేలా చేశారు. శ్రీలంకలో మిల్‌రాయ్ పాల్ అనే డాక్టర్ అంతకుముందే వాడిన పద్ధతి ఇది. పుండు మానాక మెత్తటి రబ్బరు చెప్పులు. ఇప్పుడు షాపుల్లో షుగర్ పేషెంట్లకు అమ్మే ఎంసీఆర్ చెప్పులకు మూలం ఆ పనిలోనే ఉంది.

ఒకసారి ప్రయాణం చేసి అలసిపోయిన రాత్రి, ఆయన మడమకు స్పర్శ తెలియలేదు. సూదితో గుచ్చుకుంటే నొప్పి లేదు. తనకూ కుష్ఠు వచ్చిందనుకుని రాత్రంతా నలిగిపోయారు. తెల్లారి మళ్లీ గుచ్చుకుంటే చురుక్కుమంది. ఆ నొప్పికి ఆయన ఆనందం అంతా ఇంతా కాదు.

1966లో అమెరికాలోని కార్‌విల్ కుష్ఠు ఆస్పత్రికి వెళ్లారు. అక్కడ షుగర్ పేషెంట్ల కాళ్లు చూస్తే అవే పుండ్లు, అవే చోట్ల! రక్తం ఆడకపోవడమే కారణమని అక్కడి డాక్టర్లు అనుకునేవారు. చాలామందిలో అసలు సంగతి స్పర్శ పోవడమని బ్రాండ్ చెప్పారు. అట్లాంటాలోని గ్రేడీ ఆస్పత్రిలో వచ్చిన ప్రతి షుగర్ పేషెంట్‌తో సాక్సులు విప్పించి పాదాలు చూడటం మొదలుపెట్టారు. కాళ్లు తీసేయాల్సిన కేసులు దాదాపు సగానికి తగ్గాయి.

10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ తీగతో అరికాలిని తాకి స్పర్శ చూసే పరీక్ష కూడా కార్‌విల్ టీమ్ వాడుకలోకి తెచ్చిందే. మీ నాయనకో, అవ్వకో షుగర్ ఉంటే డాక్టర్‌ను ఆ పరీక్ష అడగండి. అరికాలు, వేళ్ల సందులు రోజూ చూడండి. చేనుకు ఉత్త కాళ్లతో పోనివ్వద్దు. చెప్పులు దులిపి వేసుకోవాలి. ఆనెలను బ్లేడుతో కోయొద్దు. పుండు నల్లబడినా, వాసనొచ్చినా, కాలు వాచి జ్వరమొచ్చినా అదే రోజు ఆస్పత్రికి పోవాల్సిందే. ప్లాస్టర్ మాత్రం అందరికీ కాదు. రక్తం సరిగా ఆడకపోయినా, చీము ముదిరినా అది ప్రమాదం. ముందు డాక్టర్ రక్తప్రసరణ చూడాలి.

నొప్పి తెలియనివాళ్ల కోసం సెన్సార్లున్న గ్లవ్స్, బూట్లు కూడా బ్రాండ్ టీమ్ ఏళ్ల తరబడి తయారుచేసింది. హెచ్చరిక వస్తే రోగులు పట్టించుకోలేదు, కొందరు ఆఫ్ చేసేశారు. ఆ ప్రాజెక్టు వదిలేశారు. ఆయన 2003 జులై 8న సియాటిల్‌లో, 88 ఏళ్ల వయసులో కన్నుమూశారు.