నీటి తోపుడు లెక్క విప్పిన పాస్కల్

ఏలూరు, తాడేపల్లిగూడెం విచారణల్లోని మీలో కొల్లేటి లంకలకు చుట్టపుచూపుగా వెళ్లి తాటిదోనె ఎక్కినవారు ఉంటారు. గోలీకాయంత రాయి వేస్తే బుడుంగున మునుగుతుంది. మనుషుల్ని మోసే దోనె తేలుతుంది. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? మునిగిన వస్తువును నీరు, అది తొలగించిన నీటి బరువంత బలంతో పైకి తోస్తుందని ఆర్కిమిడీసు క్రీస్తుకు పూర్వమే చెప్పాడు. ఆ తోపుడు ఎక్కడినుంచి వస్తుందో తేటగా విడమరచినవారిలో ఒకడు కతోలిక విశ్వాసి బ్లేజ్ పాస్కల్.

1623 జూన్ 19న ఫ్రాన్సులోని క్లెర్మోలో పుట్టాడు. మూడేళ్లకే తల్లి పోయింది. తండ్రే చదువు చెప్పాడు. పన్నుల ఉద్యోగంలో తండ్రి పడే లెక్కల అవస్థ చూసి, పంతొమ్మిదేళ్లకే కూడికలు చేసే యంత్రం మొదలుపెట్టాడు.

ఇక నీటి సంగతి. లోతుకు పోయేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది. పక్కల ఒత్తిళ్లు ఒకదానికొకటి సరిపోతాయి. వస్తువు అడుగు పైభాగం కంటె లోతున ఉంటుంది గనుక కిందినుంచి తోపుడు ఎక్కువ. వస్తువు బరువు ఆ తోపుడును మించితే మునుగుతుంది. తొలిచిన దోనె తన బరువుకూ, ఎక్కినవారి బరువుకూ సరిపడా నీటిని తొలగించేదాకా దిగి అక్కడ ఆగుతుంది. అడుగున నీరు చొరకపోతే పైనీరు వస్తువును కిందికే అదుముతుందని కూడా పాస్కల్ చూపాడు. మునిగి బురదకు అతుక్కున్న దోనెను లాగినవారికి ఇది వేరే చెప్పాలా? ఈ గ్రంథాన్ని అతడు పోయాక 1663లో బావగారు అచ్చు వేయించారు.

1654 నవంబరు 23 రాత్రి రెండు గంటలపాటు అతడు దేవుని సన్నిధిని చవిచూశాడు. ఆ అనుభవం కాగితం మీద రాసి కోటులో కుట్టుకున్నాడు. మరణించాక గాని అది బయటపడలేదు. తరువాత యేసుసభ గురువుల మీద ఘాటైన లేఖలు రాశాడు. 1657లో శ్రీసభ వాటిని నిషేధించింది. దాచవలసిన సంగతేమీ కాదు. ఆ యేసుసభకే చెందిన పోపు ఫ్రాన్సిస్ గారు 2023లో, పాస్కల్ 400వ జయంతినాడు, అతణ్ణి గౌరవిస్తూ అపోస్తలిక లేఖ వెలువరించారు.

లెక్కల కంటె అతడి చివరి వేసవే నాకు ఎక్కువ గుర్తు. ఇంట్లో ఆశ్రయమిచ్చిన పేద కుటుంబంలో ఒక బిడ్డకు మశూచి సోకింది. బిడ్డను కదిలించవద్దని, జబ్బుతో ఉన్న తానే అక్కగారింటికి మారాడు. దివ్యసత్ప్రసాదం కోరితే, ఇంకా అంత ప్రమాదం లేదని వైద్యులు వాయిదా వేశారు. అయితే ఒక పేద రోగిని తెచ్చి, తనకు చేసే సేవలే అతనికీ చేయమన్నాడు. తీసుకురాగల రోగి దొరకలేదు. పోనీ, తననే నయంకాని రోగుల ఆసుపత్రికి, పేదల మధ్యకు చేర్చమన్నాడు. వైద్యులు ఒప్పుకోలేదు. చివరకు విచారణ గురువు దివ్యసత్ప్రసాదం తెచ్చినప్పుడు, ఒంట్లో సత్తువ లేకున్నా పైకి లేచి స్వీకరించాడు. 1662 ఆగస్టు 19న, 39 ఏళ్లకే కన్నుమూశాడు. పారిస్‌లో ఆ విచారణ దేవాలయంలోనే అతణ్ణి సమాధి చేశారు.