శ్రామిక బాంధవుడు అంబేద్కరు

డాక్టరు భీమరావు అంబేద్కరుగారు 1891వ సంవత్సరము ఏప్రిలు 14వ తేదీన మౌ పట్టణమున జన్మించిరి. రాజ్యాంగ నిర్మాతగా వారి నెరుగనివారు లేరు. కూలిజనము కొరకు వారు సలిపిన పోరాటము మాత్ర మందరికిని తెలియదు.

బొంబాయి పరేలులో మిల్లు కార్మికుల నడుమ పెరిగినందున ఆ బ్రతుకులోని కష్టము వారికి అనుభవైకవేద్యము. 1936లో స్వతంత్ర కార్మిక పక్షమును స్థాపించి, మరుసటి యేట బొంబాయి శాసనసభకు ఎన్నికైరి.

1938లో ఖేరుగారి మంత్రివర్గము పారిశ్రామిక వివాదముల బిల్లును తెచ్చెను. వివాదము పుట్టినచో ముందు రాజీ విచారణ జరుగవలెననియు, అది ముగియకమునుపు సమ్మె కట్టుట నేరమనియు దాని సారాంశము. రాజీ యను మాట వినుటకు ఇంపైనదే. కాని పనివానికి సమ్మె తప్ప వేరు ఆయుధమేది? పని మానినందుకు శిక్షించుట మనిషిని బానిసగా చేయుటయే యని అంబేద్కరుగారు సభలో వాదించిరి. సిద్ధాంతభేదము లున్నను కమ్యూనిస్టులతో చేయి కలిపి, నవంబరు 7న ఒకదినపు సమ్మె నడిపించిరి. అయినను బిల్లు శాసనమయ్యెను.

ఓటమితో వారు పట్టు విడువలేదు. 1942లో వైస్రాయి కార్యనిర్వాహక సభలో కార్మికశాఖను చేపట్టిరి. 1946లో వారు ప్రతిపాదించిన సవరణవలన, ఏడాది పొడుగునా నడచు ఫ్యాక్టరీలలో వారమునకు 54 గంటల పని 48 గంటలకు తగ్గెను. అధికారము లేనినాడు పలికిన మాటను అధికారము వచ్చిననాడు మరువకుండుట అరుదైన గుణము.

1956 డిసెంబరు 6న ఢిల్లీలో వారు అస్తమించిరి. చట్టమును వ్రాయువారు వేరు, దాని బరువు మోయువారు వేరు. మోయువాని భుజము నడిగి చట్టమును తూచవలెనని వారి జీవితము బోధించుచున్నది.