సర్ జార్జి ఎవరెస్టు

ఎవరెస్టు అనగానే మనకు మంచుకొండ స్ఫురించును. కాని ఆ పేరుగల మనుష్యుడు తన యౌవనమున కృష్ణా గోదావరుల నడుమనున్న తెలంగాణపు టడవులకు వచ్చి, అచ్చట ప్రాణముమీదికి తెచ్చుకొనెనని యెరిగినవారు తక్కువ.

జార్జి ఎవరెస్టు 1790వ సంవత్సరమున జన్మించెను. 1806లో ఈస్టిండియా కంపెనీవారి ఫిరంగిదళమున చేరి మనదేశమునకు వచ్చెను. అప్పటికే విలియం లాంబ్టన్ అను సేనాని 1802లో మద్రాసునుండి భూమిని కొలుచు మహాకార్య మొకటి యారంభించి యుండెను. 1818లో ఎవరెస్టు హైదరాబాదు చేరి, ఆయనకు సహాయకు డయ్యెను.

ఆ కొలత విధ మిట్టిది. మొదట సమతలమున నొక గీటును మిక్కిలి జాగ్రత్తగా కొలుతురు. దాని రెండు కొనలనుండి దూరపు కొండమీది గురుతును థియొడలైటు అను యంత్రముతో చూచి కోణములను గ్రహింతురు. ఒక భుజమును, కోణములును తెలిసినచో తక్కిన భుజములు లెక్కకు వచ్చును. అట్లు వచ్చిన భుజముపై మరియొక త్రిభుజము, దానిపై వేరొకటి. ముందరి త్రిభుజము ముగియక తరువాతిది సాగదు. ముందరిదానిలో తప్పు దొరలెనా, అది వెనుకవాని నన్నింటిని చెరచును. కావున ఏ పని ముందు, ఏ పని వెనుక, ఏది ఎవరికి అప్పగింపవలె నను ప్రశ్న ఆ శాఖకు ప్రాణము వంటిది.

1819లో లాంబ్టన్ కృష్ణా గోదావరుల నడుమ ప్రదేశమును కొలుచుటకు ఎవరెస్టును పంపెను. నేటి జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలు ఈ రెండు నదుల నడుమనే యున్నవి. జనగామ దిక్కున బోడిగుట్టలు. తూర్పునకు పోయినకొలది అడవి దట్టమై, గోదావరి యొడ్డున చీకటిగ్రమ్మి యుండెను. కొండ నెక్కి, చెట్లు కొట్టించి, జెండా పాతినగాని ఎదుటి కొండ కనబడదు. వేసవిలో ధూళిచే ఆకాశము మసకబారును. వాన కురిసినపిదప గాలి తేటపడి, ఎంతో దూరము కన్నులకు గట్టును. అందుచేత వానకాలముననే కోణములు చూచుట లాంబ్టన్ నాటి వాడుక.

కంటికి మేలైన కాలము ఒంటికి చేటయ్యెను. ఎల్లాపురపు టడవులలో జ్వరము వ్యాపించి, కొలది దినములలోనే సుమారు 150 మంది పరివారము మంచము పట్టెను. ఎవరెస్టును, వెంటనున్న వైద్యుడు, భూగర్భశాస్త్రజ్ఞుడునగు వాయ్‌సీయు పడిపోయిరి. హైదరాబాదునుండి ఏనుగులను, పల్లకీలను పంపి వారిని తెప్పింపవలసి వచ్చెను. కొందరు దారిలోనే మరణించిరి. జెండాలు మోసి, చెట్లు నరికిన ఆ నిరుపేదల పేర్లను నేడు స్మరించువారు లేరు. మరుసటి యేటి వానలలో ఎవరెస్టు మరల అడవికి పోయి, మరల జ్వరపడి, ఆరోగ్యమునకై దక్షిణాఫ్రికాకు పోయెను.

1823లో లాంబ్టన్ హింగన్‌ఘాటువద్ద మరణింపగా ఆయన పదవి ఎవరెస్టుకు వచ్చెను. 1825లో అనారోగ్యముచే ఇంగ్లండు పోయి, 1830లో క్రొత్త యంత్రములతో తిరిగివచ్చెను. అప్పుడు పని వరుసనే మార్చెను. రాత్రులందు దీపములను, పగలు సూర్యకాంతిని మరలించు అద్దములను గురుతులుగా నుంచుటచే, వానలకై వేచియుండక పొడికాలమున కొలుచుటకు వీలు కలిగెను. వానకాలము కూర్చుండి లెక్కలు కట్టుటకు మిగిలెను. దేశమంతటిని త్రిభుజములతో అల్లుట మాని, ఉత్తర దక్షిణములుగ కొన్ని గొలుసులు సాగించి, వానిని అడ్డగొలుసులతో కలుపు పద్ధతి నేర్పరచెను. ఇందుచే పెక్కు దళములు ఏకకాలమున వేర్వేరుచోట్ల పనిచేయ గలిగెను. కొండలులేని గంగా మైదానమున సుమారు 50 అడుగుల గోపురములు కట్టించెను.

ఎవరెస్టు కోపిష్ఠి. ఆయన క్రింద పనిచేయుట సుఖమని ఎవ్వరును తలపలేదు. అయినను ఎవని చేతికి ఏ పని తగునో ఆయనకు తెలియును. ఆర్కాటువాడైన సయ్యదు మొహిసిను హుస్సేను పాడైన యంత్రములను బాగుచేయుటలో నేర్పరి. యంత్రముల మరమ్మతు ఆయనకు వచ్చెను. లాంబ్టన్‌వద్ద ఆరితేరిన డి పెన్నింగు కలకత్తాలో లెక్కల కార్యాలయమును చూచెను. 1831లో హిందూ కళాశాలనుండి వచ్చిన రాధానాథ సిక్దారు గణకుడయ్యెను. ఆ కొలువు పేరు కంప్యూటరు. ఆనాడు కంప్యూటరనగా మనుష్యుడే. ఒకే లెక్కను ఇద్దరు వేర్వేరుగ చేసి సరిచూచుకొనుట అచ్చటి పద్ధతి. నేటి గణనయంత్రములలో వేర్వేరు శక్తులుగల భాగము లుండును. ఏ భాగమునకు ఏ పని, ఏ వరుసలో నీయవలెనని శాస్త్రజ్ఞులు యోచించుచున్నారు. చిక్కు ఆనాటిదే. భేదమేమన, యంత్రభాగము వేరు కొలువు కోరదు. రాధానాథుడు వేరు కొలువునకు పోగోరినపుడు, అంతటి గణకుడు మరల దొరకడని ఎవరెస్టు అడ్డుపడెను. శాఖకు మేలు కలిగెను. రాధానాథునికి ఎంత మేలో చెప్పుట కష్టము.

1841 నాటికి కన్యాకుమారినుండి హిమాలయ పాదములవరకు మహాచాపము పూర్తియయ్యెను. ఏడు మైళ్ళకు పైబడిన గీటును నేలపై కొలిచినపుడు, లెక్కలో వచ్చినదానితో తేడా కొన్ని యంగుళములే. 1843లో ఎవరెస్టు పదవి విడిచి స్వదేశమునకు పోయెను.

ఆ పిమ్మట 15వ శిఖరమని గురుతిడిన కొండ యెత్తును సిక్దారును, తక్కిన గణకులును లెక్కగట్టిరి. ఎవరెస్టు పదవికి వచ్చిన ఆండ్రూ వా దానిని 29,002 అడుగులని 1856లో ప్రకటించి, దానికి తన గురువు పేరు సూచించెను. ఈ దేశపు జనులకు పలుకరాదని, వారి లిపిలో వ్రాయరాదని 1857లో ఎవరెస్టే ఆక్షేపించెను. అయినను 1865లో ఆ పేరే స్థిరపడెను. మరుసటి యేడు, 1866 డిసెంబరు 1వ తేదీన, ఆయన మరణించెను. ఆ యింటివారు తమ పేరును ఈవ్‌రెస్టు అని పలికెడివారు. లోకము మాత్రము వేరుగనే పలుకుచున్నది.