నంబర్లు పంచిన మనిషి: జాన్ పోస్టెల్

ఆఫీసు ప్రింటర్‌లో నెట్‌వర్క్ మెనూ తెరిస్తే ముఖ్యంగా మూడు గళ్ళు కనిపిస్తాయి: ఐపీ అడ్రస్, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే. మన ల్యాప్‌టాప్‌కి రోజుకో అడ్రస్ వచ్చినా పర్లేదు, కానీ ప్రింటర్‌ది మారకూడదు. ఎందుకంటే అందరూ దాన్ని వెతుక్కుంటూ దాని దగ్గరికే వస్తారు. ఉక్కునగరంలో క్వార్టర్ నంబర్ రోజూ మారిపోతే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు? ఒకే అడ్రస్ రెండు మెషీన్లకి ఇస్తే ఇంకా కష్టం. మన పోర్టులో ఒకే బెర్త్‌ని ఒకేసారి రెండు ఓడలకి రాసిచ్చినట్టు ఉంటుంది.

మరి ప్రపంచం మొత్తానికి ఈ నంబర్లు గొడవ లేకుండా ఎవరు పంచారు? చాలా ఏళ్ళ పాటు ఆ లెక్క చూసింది దాదాపు ఒక్క మనిషే. ఆయనే జాన్ పోస్టెల్.

పోస్టెల్ 1943 ఆగస్టు 6న కాలిఫోర్నియాలోని ఆల్టడీనాలో పుట్టారు. ఆయన చదివిన వాన్ నైస్ హైస్కూల్లోనే వింట్ సర్ఫ్, స్టీవ్ క్రాకర్ కూడా చదివారు. తర్వాత యూసీఎల్‌ఏలో 1966లో బీఎస్, 1968లో ఎమ్మెస్, 1974లో పీహెచ్‌డీ పూర్తి చేశారు.

1969లో ఇంటర్నెట్‌కి ముందు రూపమైన ఆర్పానెట్ మొదటి నోడ్‌ని యూసీఎల్‌ఏలోనే పెట్టారు. దాని రూల్స్ రాసింది ఎక్కువగా మనలాంటి స్టూడెంట్సే. ఆ కాగితాలకి ఆర్‌ఎఫ్‌సీలు అని పేరు. మొదటిది క్రాకర్ రాశారు. వాటికి ఎడిటర్‌గా పోస్టెల్ చనిపోయేదాకా, అంటే దాదాపు 30 ఏళ్ళు పనిచేశారు.

ఏ సర్వీసుకి ఏ నంబరో ఒకచోట రాసి ఉంచకపోతే అంతా గందరగోళం అవుతుందని 1972లోనే ఆయన ఒక ఆర్‌ఎఫ్‌సీ రాశారు. ఆ జాబితా బాధ్యత తనే తీసుకున్నారు. దాన్నే తర్వాత ఐయానా అన్నారు. 1977లో ఆయన సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ వారి ఐఎస్‌ఐలో చేరారు. అక్కడ జాయిస్ రేనాల్డ్స్ ఆయనతో కలిసి ఆ జాబితాలు తయారు చేశారు. ప్రింట్ జాబ్స్ తీసుకునే 515 అనే పోర్ట్ నంబర్ కూడా అందులోదే.

1981 సెప్టెంబర్‌లో ఐపీ రూల్ పుస్తకం, ఆర్‌ఎఫ్‌సీ 791, ఆయన ఎడిటింగ్‌లో వచ్చింది. ప్రింటర్‌లో మనం కొట్టే నాలుగు అంకెల గుంపులు, 32 బిట్లు, అక్కడివే. ఈమెయిల్ పంపే ఎస్‌ఎంటీపీ గురించి 1982లో రాసింది కూడా ఆయనే. మనం పంపేది జాగ్రత్తగా రూల్ ప్రకారం పంపాలి, అవతలివాళ్ళు పంపినదాంట్లో చిన్న తేడాలుంటే సర్దుకుపోవాలి అనేది ఆయన పెట్టిన సూత్రం. రకరకాల కంపెనీల మెషీన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి అది బాగా పనికొచ్చింది.

అడ్రస్‌లు అయిపోతాయన్న భయం 1990లలో మొదలైంది. అప్పుడు ఐయానా కొన్ని వరుసలు సొంత నెట్‌వర్క్‌ల కోసం పక్కన పెట్టింది. 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1918లో అవి ఉన్నాయి. అందుకే గాజువాకలో ఒక ఆఫీసు ప్రింటర్‌కీ, సిరిపురంలో ఇంకో ఆఫీసు ప్రింటర్‌కీ 192.168.1.50 అనే ఉన్నా గొడవ రాదు. ఎవరి కాంపౌండ్ వాళ్ళది. ఒకే కాంపౌండ్‌లో రెండు ఉంటేనే తంటా.

ఇంటర్నెట్‌లోకి డబ్బు వచ్చాక అసలు ప్రశ్న లేచింది. ఇంత పెద్ద వ్యవస్థ ఒక్క మనిషి మీద నమ్మకంతో నడవొచ్చా? 1998 జనవరి 28న పోస్టెల్ ఎనిమిది రూట్ సర్వర్ల నిర్వాహకులకి మెయిల్ పెట్టి, పేర్ల జాబితాని ఐయానా నుంచి తీసుకోమన్నారు. వాళ్ళు అలాగే చేశారు. ఆయన దాన్ని పరీక్ష అన్నారు. అమెరికా ప్రభుత్వానికి అది నచ్చలేదు, వెనక్కి మార్పించింది. ఆయనకి చెడు ఉద్దేశం ఉందని నేను అనుకోను. కానీ ఒక్క మెయిల్‌తో అంత జరగడం చూస్తే, ఆ బాధ్యత ఒక సంస్థకి వెళ్ళడం అవసరమే అనిపిస్తుంది.

ఆ సంస్థ, ఐకాన్, అదే ఏడాది సెప్టెంబర్‌లో పుట్టింది. దాని నిర్మాణంలో పోస్టెల్ కూడా పనిచేశారు. కానీ నడవడం చూసే టైమ్ దొరకలేదు. గుండె వాల్వ్ ఆపరేషన్ తర్వాత వచ్చిన సమస్యలతో 1998 అక్టోబర్ 16న లాస్ ఏంజిలెస్‌లో చనిపోయారు. వయసు 55. హైస్కూల్ నాటి స్నేహితుడు సర్ఫ్ రాసిన నివాళి కూడా ఒక ఆర్‌ఎఫ్‌సీగానే వచ్చింది. దాని నంబర్ 2468.