రోగిని చూచుట నేర్పిన ఫ్లారెన్సు నైటింగేల్



మన పల్లెలలో ఎవరైనను మంచము పట్టినప్పుడు చూడవచ్చినవారు ఎట్లున్నాడని అడుగుదురు. ఇంటివారు రవంత మేలని చెప్పుదురు. ఆ మేలు ఏమిటో, నిన్నటికిని నేటికిని భేదమేమో అడిగినవారికిని తెలియదు, చెప్పినవారికిని తెలియదు. ఇట్టి మాటవలన ప్రాణము పోవచ్చునని గ్రహించి, రోగిని ఎట్లు చూడవలెనో నర్సులకు నేర్పిన ఒక స్త్రీ జీవితమును ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాను. మన సంఘములలోని ఆడపిల్లలు నర్సు చదువునకు పోవుచున్నారు గనుక వారును, వారి తలిదండ్రులును దీనిని చదువవలెనని నా కోరిక.

ఫ్లారెన్సు నైటింగేల్ 1820వ సంవత్సరము మే నెల 12వ తేదీన ఇటలీ దేశములోని ఫ్లారెన్సు పట్టణమున జన్మించెను. ఆ పట్టణపు పేరే ఆమెకు పెట్టిరి. తలిదండ్రులు ఇంగ్లాండు దేశపు ధనవంతులు. తండ్రి తానే ఆమెకు చదువు చెప్పెను. లెక్కలనిన ఆమెకు మిక్కిలి ఇష్టము. 1837 ఫిబ్రవరి 7న, పదునేడేండ్లు నిండకమునుపే, దేవుడు తన్ను సేవకు పిలిచెనని ఆమె నమ్మెను. అయితే ఆ కాలమున ఆసుపత్రి పని గౌరవమైన ఇంటి ఆడపిల్ల చేయదగినది కాదని లోకము తలంచెను. తల్లియు అక్కయు అడ్డుపడిరి. ఆమె పదునాలుగేండ్లు కనిపెట్టుకొని యుండెను.

తుదకు 1851లో జర్మనీ దేశమున రైన్ నది యొడ్డునున్న కైజర్స్‌వెర్త్‌కు పోయి సుమారు మూడు నెలలు పని నేర్చుకొనెను. ఆ స్థలమున పరిచారికల గృహమును 1836లో స్థాపించినవాడు థియొడోర్ ఫ్లీడ్‌నర్ అను చిన్న ఊరి సంఘకాపరి. ఆయన సంఘము బీదది. బీద సంఘమునుండి ఏమి పుట్టునో ఎవరు చెప్పగలరు?

1854 నవంబరులో క్రిమియా యుద్ధ సమయమున ఆమె 38 మంది నర్సులతో టర్కీ దేశములోని స్కుటారీ సైనిక ఆసుపత్రికి చేరెను. అక్కడ గాయములవలన చచ్చినవారికంటె విరేచనములవలనను, జ్వరములవలనను చచ్చినవారే అనేకులు. ఆమె వారికి శుభ్రమైన బట్టలు, తగిన ఆహారము సమకూర్చెను. రాత్రివేళ దీపము పట్టుకొని పడకలయొద్ద తిరిగెను. అయినను 1855 ఫిబ్రవరిలో నూటికి నలుబదిమందికి పైగా చనిపోయిరి. ఆ వసంతకాలమున ప్రభుత్వము పంపినవారు వచ్చి ఆసుపత్రి క్రిందనున్న మురుగు కాలువలను శుభ్రపరచి, గాలి వచ్చునట్లు చేసిన తరువాతనే చావులు బహుగా తగ్గెను. యుద్ధము ముగిసిన పిమ్మట విలియం ఫార్ అను లెక్కల పండితునితో కూర్చుండి ఆ అంకెలను పరిశీలించినప్పుడు, పడకలచుట్టు ఎంత శ్రమపడినను పడకల క్రిందనున్న చావును చూడలేకపోతిమని ఆమెకు తేటపడెను. ప్రేమ ఉన్నంతమాత్రమున చాలదు, చూడవలసినదానిని చూడవలెను అను పాఠము ఇట్లు మిక్కిలి ఖరీదుకు దొరికెను.

1859లో ఆమె రోగిసేవను గూర్చి ఒక చిన్న పుస్తకము వ్రాసెను. 1860 జూలై 9న లండను పట్టణములోని సెంట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల పాఠశాల ప్రారంభమాయెను. నాడి, ఊపిరి, చర్మము, ఆకలి, నిద్ర, కఫము, మలమూత్రములు, తెలివి ఉన్నదా మగతగా ఉన్నదా అనునది, గాయము తీరు, చీము, దద్దుర్లు, తిండియు మందును పనిచేసిన విధము — వీటిని తప్పులేకుండ గమనించుట అక్కడ నేర్వవలసిన పని.

అడుగుటకు కూడ ఒక పద్ధతి యున్నదని ఆమె చూపెను. బాగుగా నిద్రపట్టెనా అని అడిగిన ప్రయోజనము లేదు. ఒకనికి పది గంటలు ఏకముగా పట్టకపోయిన నిద్ర కాదు, మరియొకనికి నడుమ నడుమ కునికిన చాలును. కాబట్టి ఏ వేళ, ఎన్ని గంటలు పట్టెనో అడుగవలెను. తిననివాని సంగతియు అంతే. వంట బాగుండలేదా, ఆ తిండి వానికి తగనిదా, వేళ తప్పి పెట్టితిమా, లేక నిజముగా ఆకలి చచ్చెనా? మన యిండ్లలో సంగటి ముద్ద అట్లే మిగిలినప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు ఎవరు అడుగుచున్నారు?

ఆమె మన దేశమునకు ఎన్నడును రాలేదు. అయినను ఇక్కడి సైనిక స్థావరములకు ప్రశ్నలు పంపి, వచ్చిన జవాబులను చదివి, 1863లో వెలువడిన ప్రభుత్వ నివేదికకు సాయపడెను. 1876 మొదలు 1878 వరకు మన పెద్దలు ధాతు కరువు అని చెప్పుకొనిన కరువు కర్నూలు, కడప, బళ్ళారి సీమలను నాశనము చేసినప్పుడు, రైతు అప్పులను గూర్చియు, నీటి పారుదల అవసరమును గూర్చియు ఆమె 1878లో ఇంగ్లాండు ప్రజలకు వ్రాసెను. గోదావరి ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ దొరగారితో ఆమెకు ఉత్తర ప్రత్యుత్తరములు నడిచెను. మన కర్నూలు–కడప కాలువ కూడ ఆయన తలంపులో పుట్టినదే. రోగి మంచమునొద్ద అడిగినట్లే, ఈ జనము ఏమి తినుచున్నది, నీరెక్కడ అని ఆమె దేశమును గూర్చియు అడిగెను.

ఆమె స్వయముగా దీర్ఘరోగియై అనేక సంవత్సరములు మంచముమీదనుండియే ఈ పని చేసెను. 1910 ఆగస్టు 13న, తొంబదియేండ్ల వయస్సున నిద్రించెను.

ఆమె పుస్తకము వ్రాసిన నాటికి జ్వరము కొలుచు గాజుకడ్డీ ఇంకను నర్సు చేతికి రాలేదు. నేడు వేలికి తగిలించి ప్రాణవాయువును కొలుచు యంత్రము కూడ వచ్చెను. అయితే యంత్రము అంకెను చూపునుగాని రోగి ముఖమును చూడదు. దగ్గుతో ఉన్న బిడ్డ ఏడ్వక నెమ్మదిగా ఉన్నప్పుడు, చొక్కా ఎత్తి ఒక నిమిషము పూర్తిగా ఊపిరి లెక్కపెట్టుడి. ఏడాది దాటి అయిదేండ్లలోపు బిడ్డకు నలుబది, ఏడాదిలోపు బిడ్డకు ఏబది అయినను మించినను అపాయము. రెండు నెలలు నిండని పసికందుకు అరువది. డొక్కలు ఎగురవేయుచున్న యెడల తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి కొనిపోవుడి. అక్కడ డాక్టరుతో బాగులేదని మాత్రమే చెప్పక, ఎప్పటినుండి, ఎన్నిసార్లు, ఎంత అని చెప్పుడి.

లూకా సువార్త పదియవ అధ్యాయములోని యాజకుడును లేవీయుడును గాయపడినవానిని చూడకపోలేదు. చూచియు ప్రక్కగా పోయిరి. సమరయుడు చూచి దగ్గరకు వచ్చెను. దగ్గరకు వచ్చినవానికే గాయము ఎక్కడనున్నదో తెలిసెను. నర్సు చదువునకు పోవు మన కుమార్తెలు మొదట నేర్వవలసినది ఆ దగ్గరకు వచ్చి చూచుటయే. ఇంటనున్న మనమును నేర్వవలసినది అదియే.