ఎడ్గార్ బకింగ్‌హామ్

ఎడ్గార్ బకింగ్‌హామ్ (జూలై 8, 1867 - ఏప్రిల్ 29, 1940) అమెరికాకు చెందిన భౌతిక శాస్త్రవేత్త. మృత్తికా భౌతికశాస్త్రానికి పునాది వేసినవారిలో ప్రముఖుడు. ఫిలడెల్ఫియాలో జన్మించి, 1893లో జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు.

1902లో ఈయన అమెరికా వ్యవసాయశాఖలోని మృత్తికా విభాగంలో చేరాడు. నీటితో పూర్తిగా నిండిన ఇసుకలో ప్రవాహాన్ని ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ డార్సీ 1856లోనే సూత్రీకరించాడు. అయితే పొలంలోని మట్టి రంధ్రాలలో నీటితోపాటు గాలి కూడా ఉంటుంది. అట్టి నేలలో నీరు ఎటు పోతుందన్నది చిక్కుప్రశ్న. మట్టి నీటిని పట్టి ఉంచే బలాన్ని బకింగ్‌హామ్ కేశనాళికా పొటెన్షియల్‌గా నిర్వచించాడు. ఆ పట్టు తక్కువగా ఉన్నచోటి నుండి ఎక్కువగా ఉన్నచోటికి నీరు కదులుతుందనీ, నేల ఆరేకొద్దీ ఆ కదలిక మందగిస్తుందనీ 1907 నాటి నివేదికలో వివరించాడు. నీటిలో కరిగిన ఎరువులు, లవణాలు ఎంత లోతుకు దిగుతాయో లెక్కించడానికి నేటికీ ఇది ఆధారం.

ఎండ తీవ్రమైనచోట పైపొర త్వరగా ఎండిపోయి, మూతవలె లోపలి తేమను కాపాడుతుందని కూడా ఈయన ప్రయోగాలలో తేలింది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నల్లరేగడి రైతులు గుంటక తోలి, పైమట్టిని పొడిచేసి, నెర్రెలు పూడ్చడంలోని కిటుకు చాలావరకు ఇదే. మనవారికి అనుభవంతో తెలిసినదానికి ఈయన కారణం చూపాడనవచ్చు.

నివేదిక అచ్చయ్యేనాటికే ఈయన జాతీయ ప్రమాణాల సంస్థకు మారిపోయాడు. నేలపై వెచ్చించినది సుమారు నాలుగేళ్ళే. భౌతికశాస్త్ర విద్యార్థులకు ఈయన 1914 నాటి మితీయ విశ్లేషణ సిద్ధాంతం ద్వారానే ఎక్కువగా పరిచితుడు. 1931లో లోరెంజో రిచర్డ్స్ ఈయన భావనలపై ఆధారపడి తన ప్రసిద్ధ సమీకరణాన్ని రూపొందించాడు.